ఆదివారం పొద్దుగాల క్లాసు

జూన్ 7, శనివారం

సుజన ఒప్పుకున్నది! ముందుగాల ఇది రాసుకోవాలె. మిగిలిందంత తర్వాత.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద, చెప్పుల బండి పక్కకు నిలబడి మాట్లాడినం. మా బిడ్డ ఆద్యకు కరాటే నేర్పిద్దాం అన్న. ఎల్బీ నగర్‌ల నా గది ఎనక పార్కుల మంచి మాస్టర్ ఉన్నడు, ఆరేండ్ల పిల్లలను గూడ తీసుకుంటడు, ఆదివారం పొద్దుగాల ఆరింటికి క్లాసు. "ఆరింటికా? ఆదివారం దాన్ని ఎనిమిదింటికి లేపడమే నా వల్ల కాదు" అన్నది. నాకు కావాల్సింది గదే మాట. "గట్లైతే శనివారం రాత్రి నా కాడనే పండుకుంటది, లేపుడు నేన్ చూసుకుంట" అన్న — అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి. వారం సంది అద్దం ముంగట అనుకుంటున్న మాట అది.

కాసేపు చూసింది నన్ను. నా తెలివి ఈమెకు తెల్వదా... "క్లాసుకు పంపిస్తాను. రాత్రి ఉండటం మాత్రం దాని ఇష్టం. బలవంతం చెయ్యకండి." చెయ్యకండి! కలిసున్నన్ని దినాలు 'ఏమయ్యా, వినపడట్లా' అన్న మనిషి. వేరుపడ్డప్పటి సంది అండీ, గారూ. మర్యాద గింత మంటపెడ్తదని నాకు తెల్వది.

ఎండకాలం సెలవులల్ల ఒకపాలి ఉంటనని వచ్చింది బిడ్డ. పప్పన్నం తిన్నది. కార్టూన్ చూసింది. లైటు తీసిన కాసేపటికి లేచి కూసున్నది — "నాన్నా, అమ్మ దగ్గరికి వెళ్దాం". ఎందుకు బిడ్డా అంటే చెప్పది. స్కూటర్ మీద నా అంగి పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ దాక వచ్చింది. అప్పటి సంది ఆదివారం పొద్దున తెచ్చుకునుడు, పొద్దు గూకకముందే అప్పజెప్పుడు. కిరాయికి తెచ్చిన సామానోలె.

నాకు వేరే ఏం వద్దు. బిడ్డ నా గదిల నిద్రపోవాలె. నేన్ పక్కకు కూసొని చూడాలె. గంతే. చిన్నగున్నప్పుడు నోరు తెరిచి, చెయ్యి చెంప కింద పెట్టుకొని పండుకునేది. ఇప్పుడు గూడ గట్లనే పండుకుంటదా? ఎవరినడగాలె ఈ ముచ్చట.

జూన్ 10, మంగళవారం

గోదాముల చీరల మూటలు దించినంక కొత్తపేటకు పోయి కరాటే డ్రెస్సు కొన్న. ఆరేండ్లకు ఇది సరిపోతది సార్ అని చూపిచ్చిండు దుకాణం పిల్లగాడు. "జర పెద్దది ఇయ్యి, ఎదిగే పిల్ల" అన్న. రెండు సైజులు పెద్దది తెచ్చిన. మా అమ్మ నాకు గట్లనే కొనేది. ఐదో తరగతిల కొన్న నిక్కరు ఏడు దాక వేసుకున్న.

గదిల దండెం మీద ఏలాడేసిన. ఫ్యాన్ గాలికి చేతులు ఊపుతున్నది. ఖాళీ డ్రెస్సును చూసి నవ్వుకునుడేంది, పిచ్చి గాకపోతే.

జూన్ 14, శనివారం

డ్రెస్సు ఇచ్చి రానీకి పోయిన. బిడ్డ రాత్రికి రాదంట. "పొద్దున వచ్చి తీసుకెళ్ళండి." సరే.

జూన్ 15, ఆదివారం

ఐదున్నరకు దిల్‌సుఖ్‌నగర్ల వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు కాడున్న. సుజన భుజం మీద ఏసుకొని తెచ్చింది, కరాటే డ్రెస్సుల, మంచి నిద్రల. స్కూటర్ మీద నా ఎనక కూసోబెట్టి, నిద్రల పడిపోతదేమోనని తన చున్నీ తీసి ఇద్దరినీ కలిపి కట్టింది. కట్టేటప్పుడు చేతులు నా కడుపు కాడికి వచ్చినయ్. "నెమ్మదిగా వెళ్ళండి" అన్నది. పోయిన. చైతన్యపురి దాక ఇరవైల పోయిన. ఎనకాల హారన్లే హారన్లు, కొట్టుకోండ్రి అనుకున్న. వీపు మీద బిడ్డ తల, వెచ్చగ.

నిద్రపోతనే ఉన్నది గని ఏం లాభం, నా ఎనకనాయె. మొహం కనపడది.

పార్కుల మాస్టర్ పిల్లలను మూడు లైన్లల నిలబెట్టిండు. యాదగిరి మాస్టర్ — పొట్టిగ, నల్లగ, గొంతు మాత్రం లారీ హారన్. తల్లిదండ్రులంత రేలింగ్ బయట్నే. ఇచ్చి, ని, సాన్ అని జపాన్ భాషల ఒకటి, రెండు, మూడు లెక్క, ఒక్కో లెక్కకు ఒక గుద్దు. ఆద్య ఆఖరి లైన్ల. ప్యాంటు మడిమెల కిందికి పోయింది. ఒక చేత్తోని ప్యాంటు పట్టుకొని ఒక చేత్తోనే గుద్దుతున్నది. "ఆద్యా, రెండు చేతులు!" అన్నడు మాస్టర్. వదిలింది. ప్యాంటు జర్రున మోకాళ్ల దాక వచ్చింది.

అందరు నవ్విన్రు. నాకు గూడ పుసుక్కున నవ్వొచ్చింది. అది నా దిక్కే చూసింది... అరెరె.

బండి కాడ ఇడ్లీ తినుకుంట "పెద్ద డ్రెస్సు ఎందుకు కొన్నావ్?" అన్నది. నువ్వు పెద్దగైతవు గదా బిడ్డా అన్న. "ఇప్పుడు అవ్వలేదుగా" అన్నది.

చున్నీ నా బండి డిక్కీలనే ఉండిపోయింది. వాపస్ ఇయ్యాలె. ఇస్త.

జూన్ 21, శనివారం

ఈ వారం గూడ రాత్రి ఉండదంట. పొద్దున పంపుతరంట. అడిగి అడిగి అలుసైతున్న.

జూన్ 22, ఆదివారం

ఆగమైంది. మొత్తం ఆగమైంది.

పోయిన వారం ప్యాంటు జారి సిగ్గుపడ్డది గదా — ఇయ్యాల జారనియ్యొద్దని పార్కు గేటు కాడ మోకాళ్ల మీద కూసొని నాడా నేనే కట్టిన. నేన్ కట్టలే, నా చేతులు కట్టినయ్. పోచంపల్లిల మా ఇంట్ల నూలుకు రంగెయ్యకముందు, రంగు దూరొద్దన్న కాడల్ల పోగులను బిగిచ్చి కడ్తం. చుట్టు మీద చుట్టు, కొస లోపలికి తోసి. రంగుల ఉడికించినా సడలది. ఆ కట్టును ఎవ్వరు ఇప్పరు, కోస్తరు. బడికి పోయే వయసుల అమ్మ పక్కకు కూసొని రోజూ కట్టిన పని. నాడా చేతికి దొరకంగనే వేళ్లు గదే పని చేసినయ్. నాకు సోయి లేదు.

క్లాసు నడుమ ఆద్యకు ఒంటికి వచ్చింది. పార్కు మూలకున్న బాత్రూంకు ఉరికింది. నాడా రాలే. ఎవరో పిల్లతల్లి పోయి చూసింది, ఆమెకు రాలే. నన్ను పిలిచిన్రు. నేన్ కట్టిన కట్టు నాకే రాలే! కత్తెర లేదు, బ్లేడు లేదు. పండ్లతోని కొరుకుతున్న. "నాన్నా, తొందరగా... నాన్నా..." కొరుకుతున్న. అంతలనే అయిపోయింది. తెల్ల ప్యాంటు. బాత్రూం ముంగట పిల్లలు గుమిగూడిన్రు.

ఏడ్వలే ఆద్య. ఏడిస్తే బాగుండు. "అమ్మ దగ్గరికి" అన్నది. గంతే.

వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు కాడ సుజనకు అప్పజెప్పి తలకాయ ఎత్తకుండ వచ్చిన. మధ్యాహ్నం ఫోన్. "ఏం ముడి అది? కత్తెర పెట్టి కొయ్యాల్సి వచ్చింది." మా ఇంట్ల గట్లనే కడ్తరని ఏందేందో చెప్పబోయిన. "అది నూలు కాదండీ, పిల్ల" అన్నది. కొట్లాడినట్టు గూడ అనలే. మెల్లగ అన్నది.

జూన్ 24, మంగళవారం

కరాటే మానేస్తదంట.

మూటకు తాడు కట్టుకుంట గా చేతులనే చూసుకున్న. "రమేషూ, ఏం పరేషాన్ల ఉన్నవ్ రా, ఇందాకటి సంది ఒక్క మూటనే కడ్తున్నవ్" అన్నడు గోదాం పెద్దసార్. ఏం లే సార్ అన్న. ఏం చెప్పాలె ఈయనకు — నేన్ పన్నిన ఉపాయాన్ని నేనే నాడాతోని కట్టేసుకున్న అనా?

క్లాసు లేకపోతే శనివారం రాత్రి మాట ఎత్తనీకి ఏం సాకుంటది నాకు?

జూన్ 25, బుధవారం

మాస్టర్‌కు ఫోన్ చేసిన. "ప్రతి బ్యాచ్‌ల ఒకరికో ఇద్దరికో అయితది సార్. నా బిడ్డకు గూడ అయింది. ఒక్కపాలి తీసుకరాండ్రి, మిగిలింది నేన్ చూసుకుంట" అన్నడు. సుజనకు అదే మాట మెసేజ్ పెట్టిన. చూసింది. జవాబు లేదు.

జూన్ 29, ఆదివారం

ఎన్ని రాయాలె ఇయ్యాల!

పొద్దున ఆరుగాకముందే పార్కు కాడ ఒక్కన్నే నిలబడ్డ, వస్తరని ఆశ లేకనే. షేర్ ఆటో ఆగింది. ముందుగాల ఆద్య దిగింది. ఎనక సుజన దిగింది. నేన్ చూస్తనే ఉన్న. "ప్యాంటు పొట్టి చేయించాను, ఎలాస్టిక్ వేయించాను. ఇక కట్టే పని లేదు" అన్నది. తలూపిన. కట్టే పని లేదు... అనాల్సిందే, నేన్ పడాల్సిందే.

మాస్టర్ పోయిన వారం ముచ్చట ఎత్తనే లే. ఆద్యను ముందు లైన్ల నిలబెట్టి "ఇయ్యాల లెక్క నువ్వు పెట్టాలె, అందరు నీ లెక్కకే గుద్దాలె" అన్నడు. ఇచ్చి అన్నది, ఈగ గొంతుతోని. ని. సాన్. షి. గో. ఆ తర్వాత ఆగింది. యాదికి లేదు. ఇగ అయిపోయింది అనుకున్న. గప్పుడు మా బిడ్డ గట్టిగ, ఎల్బీ నగర్ సర్కిల్ దాక ఇనపడేటట్టు — "ఆరు!" అన్నది.

పిల్లలు గుద్దిన్రు. "ఏడు!" మల్ల గుద్దిన్రు. మాస్టర్ నవ్వు ఆపుకుంట "పది దాక నడవనీయండి" అన్నడు. పక్కకు చూస్తే సుజన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది, కండ్లల్ల నీళ్లు. నాకు గూడ. ఇద్దరం ఒక్క రేలింగే పట్టుకొని ఉన్నం. ఆమె చెయ్యి, నా చెయ్యి, నడుమ జానెడు. ఎన్నడన్న గింత దగ్గర నిలబడ్డమా అంటే — నిలబడ్డం గదా, ఒక్క ఇంట్లనే ఉన్నం గదా. అప్పుడు చూసుకున్నమా ఎవరన్న.

ఛాయ్ తాగినం. "అత్తయ్య గారు ఎలా ఉన్నారు, మోకాళ్ల నొప్పులు తగ్గాయా" అన్నది. తగ్గలే, మందులు వేసుకోది అన్న. నవ్వింది. అమ్మను ఇంక అత్తయ్య అనే అంటది ఈమె.

అసలు ముచ్చట ఇది. పోయేటప్పుడు అన్నది — "మీ రూంలో ఫ్యాన్ ఇంకా చప్పుడు చేస్తుందా?" ఏంది అన్న. "ఎండాకాలం ఆ ఫ్యాన్‌కే భయపడిందట. ఊడి మీద పడుతుందని. మొన్న అన్నం తింటూ చెప్పింది. నాన్నకి చెబితే బాధపడతాడని చెప్పలేదంట."

ఫ్యాన్! ఇన్ని దినాల సంది అమ్మ మీద బెంగ అనుకొని, నేనంటే బిడ్డకు పడతలేదనుకొని చచ్చిపోతున్న నేను. ముచ్చట ఫ్యానుది! నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. నాకు బాధైతదని ఆరేండ్లది దాచుకున్నది సూడు...

"బాగు చేయిస్తే పంపిస్తాను" అన్నది. ఆద్య ఆటో ఎక్కుకుంట "ఏంది నాన్నా, అట్లా చూస్తున్నావ్" అన్నది. ఏంది అన్నది! వాళ్లమ్మ లెక్క ఏంటి అనలే. నా కోసమే అన్నదో, పార్కుల పిల్లల కాడ నేర్చుకున్నదో. ఏదైతేంది.

జూన్ 30, సోమవారం

మెకానిక్ వచ్చిండు. "బేరింగ్ పోయింది అన్నా, ఇంత లొల్లిల ఎట్ల పంటున్నవ్" అన్నడు. అలవాటైంది అన్న. పాతది తీసేసి కొత్తదే పెట్టిచ్చిన. చప్పుడు లేదు. గది మరీ చల్లబడ్డట్టు, మరీ ఒంటరిగున్నట్టు ఉన్నది.

జూలై 5, శనివారం

సుజన వాళ్ల చుట్టాలింట్ల పెండ్లి. నాగోల్‌ల ఫంక్షన్ హాల్. రెండు దినాలు. ఈ వారం లేదు.

బిడ్డ తలకిందికి చిన్న మెత్త కొన్న. మీద కుందేళ్లున్నయ్. నా మెత్త పక్కకు పెట్టిన.

జూలై 12, శనివారం

జ్వరం బిడ్డకు. దవాఖానకు తీసుకపోయిన్రంట, వైరల్ అన్నరంట. పండ్లు పట్టుకొని పోయిన.

సుజన వాళ్లమ్మ తలుపు తీసి "రండి బాబూ, కూర్చోండి" అని హాల్ల కుర్చీ వేసింది. ఛాయ్ ఇచ్చింది, బిస్కెట్లు పళ్లెంల పెట్టింది. సంబంధం చూడ వచ్చినోనికి పెట్టినట్టు. "ఇప్పుడే పడుకుంది, లేపమంటారా?" వద్దు వద్దు అన్న. లోపలి గది తలుపు సగం తెరిచే ఉన్నది. కర్టెన్ కింద నుంచి మంచం కొస కనపడుతున్నది. రెండు పాదాలు. అరికాళ్లు నా దిక్కే. కాసేపటికి ఒక కాలు ఇంకో కాలు మీద వేసుకున్నది.

లోపలికి పోయి చూస్త అంటే వద్దంటరా? అనరు. గని రమ్మని ఎవ్వరు అనలే. అడగనీకి నోరు రాలే. ఛాయ్ చల్లగయ్యేదాక గా రెండు పాదాలను చూసుకుంట కూసున్న. వచ్చేసిన.

జూలై 20, ఆదివారం

బోనాలు. క్లాసు లేదు. గల్లీ అంత డప్పులు, పోతరాజు ఎనక పిల్లలు. ఓనర్ ఆంటీ పైకొచ్చి ప్రసాదం ఇచ్చుకుంట "మీ పాపను తీసుకరాకపోయినవా" అన్నది. వచ్చే వారం తెస్త అన్న. అన్నంక భయమైంది, ఎందుకన్ననా అని.

జూలై 24, గురువారం

సుజన మెసేజ్: "శనివారం సాయంత్రం ఆరింటికి దాన్ని దింపుతాను. రాత్రి ఉంటానంది. బ్యాగు ఇప్పుడే సర్దుకుని కూర్చుంది."

మెసేజ్ ఎన్నిమాట్లు చదివిన్నో. 'ఉంటానంది'. ఎవరో ఉంచుతలేరు. అదే ఉంటనన్నది.

జూలై 25, శుక్రవారం

దుప్పటి ఉతికిన. బాత్రూం కడిగిన. తలుపు గొళ్లెం బిర్రుగున్నదని నూనె పోసిన. పాలు, బ్రెడ్డు, గుడ్లు, కార్న్‌ఫ్లేక్స్. టమాట పప్పు చెయ్యాలె — పులుపు జర తక్కువ. చింతపండు వేస్తే తినది. దోమల బ్యాట్ చార్జింగ్ పెట్టిన. మేడ మీది పెంట్‌హౌస్ గదా, బయట పిట్టగోడ కాడికి పోనీయొద్దు, ఓనర్ ఆంటీని అడిగి చెక్క అడ్డం పెట్టిన.

"ఏం సార్, ఇంట్ల ఫంక్షనా?" అన్నడు కింద కిరాణం అతను. అవునన్న.

జూలై 26, శనివారం

మధ్యాహ్నం సంది వాన. మామూలు వాన గాదు. ఆరింటి వరకన్న తగ్గుతదిలే.

——

మూడింటికి మాస్టర్ క్లాసు వాట్సాప్ గ్రూపుల మెసేజ్ పెట్టిండు. పార్కు అంత నీళ్లు, రేపు క్లాసు లేదు, ఎవ్వరు రావద్దు.

గ్రూపుల సుజన గూడ ఉన్నది.

అయిపోయింది. క్లాసుకే గదా రాత్రి ఉండుడు. క్లాసే లేకపోతే రాత్రి ఎందుకు? నేన్ చెప్పిన మాటనే. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నిలబడి, నా నోటితోనే. బిడ్డను చూడాలని ఉన్నది, నా గదిల పండుకోనీ అని సక్కగ అడిగితే ఏం పోయేది? గప్పుడు అడగలే. కరాటే అన్న, పొద్దుగాల లేపుడన్న. ఇగ అనుభవించు.

పప్పు కుక్కర్ల ఉన్నది.

——

నాలుగున్నర. సుజన ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్. ఆద్య గొంతు. ఎనకాల వాన చప్పుడు.

"నాన్నా, రేపు క్లాస్ లేదంట. నేను రావాలా వద్దా? అమ్మ నిన్నే అడగమంది."

మల్ల మల్ల విన్న. బిడ్డకు జవాబు కావాలె. గంతే, వేరే ఏం లేదు అందుల.

రాయబట్టిన. 'తప్పకుండ రా బిడ్డా' — చెరిపేసిన. బలవంతం చెయ్యకండి అన్నది గదా. 'నీకు రావాలని ఉంటే' — చెరిపేసిన. 'వాన పడుతున్నది, తడుస్తవేమో' — ఛీ, అదేం మాట. ఆఖరికి "నీ ఇష్టం బిడ్డా" అని పెట్టిన. రెండు టిక్కులు పడ్డయ్. నీలమైనయ్. చదివిన్రు.

నీ ఇష్టమేంది? ఆరేండ్ల పిల్ల. నాన్నకు కావాల్నో వద్దో తెల్సుకోనీకి అడిగింది. నాయిన ఏమన్నడు? నీ ఇష్టమన్నడు. అంటే దానికేం సమజైతది? వద్దన్నడనే గదా అనుకుంటది! ఒక్క అక్షరం. రా. ఒక్క అక్షరం పెట్టనీకి చేతులు రాలేదు, ఎంత చేతగానోన్ని నేను.

——

ఐదూ పది. జవాబు లేదు.

ఫోన్ చేసిన. కలుస్తలేదు. వానకు సిగ్నల్ పోయిందో ఏమో.

——

ఐదున్నర. కరెంటు పోయింది. రాసిన ఇప్పుడు. వేరే మాట ఏం కలపలే. బతిమాలలే. సాకు చెప్పలే.

"రా."

పంపిన. ఒక్క టిక్కే పడ్డది.